చెవిలోని శంఖం

మన ఇళ్ళలో కంటిచూపు లేనివారు ఎదురైతే చేయి పట్టుకొని దారి చూపుతారు. చెవులు వినపడనివారు ఎదురైతే నవ్వుకొంటారు. మన సామెతలే ఇందుకు సాక్ష్యం. "చెవిటివాని ముందు శంఖం వూదినట్లు" అని ఎంత తేలికగా అనేస్తామో అందరికీ తెలిసినదే. నాటకంలో చెవిటి మామగారు రంగం మీదికి వచ్చాడంటే చాలు, వెనుక బెంచీలవారు ముందుగానే నవ్వటం మొదలుపెడతారు. ఇంట్లోనూ అంతే. అడిగినది ఒకటైతే చెప్పినది మరొకటి అయినప్పుడు, ఆ జవాబు పదిరోజులపాటు వేడుకగా చెప్పుకోబడుతుంది. కొంతకాలానికి ఆ మనిషి మాట్లాడటమే తగ్గించుకొంటాడు. పండుగనాడు పదిమంది మధ్య కూర్చున్నా గోడవైపు చూస్తూ వుంటాడు. "పెద్దతనం గదా" అని తక్కినవారు సరిపెట్టుకొంటారు.

కాని చెవుడంతా పెద్దతనపు చెవుడు కాదు. ముప్పై ఏళ్ళకే, పసిబిడ్డను ఒడిలో పెట్టుకొన్న ఇల్లాలికి మెల్లమెల్లగా వచ్చే చెవుడు ఒకటి వున్నది. వైద్యులు దానిని ఓటోస్క్లెరోసిస్ అంటారు. పేరు నోరు తిరగనిదే గాని, జబ్బు అపురూపమైనది కాదు. దీనికి తొలిదశలోనూ, నడిమిదశలోనూ, ఆఖరుకు చెవి పూర్తిగా మూగపోయిన దశలోనూ వేరువేరు దారులు వున్నవి. ఆ ఆఖరిదారి పేరు కాక్లియర్ ఇంప్లాంటు. దానిని గురించి మన పాఠకులకు నాలుగు మాటలు చెప్పాలని ఈ వ్యాసం.

మేము వైద్యులము కాము. ఆఫీసులో కాగితాలు చూచుకొనే గుమాస్తాలము. ఒక మిత్రుని కుటుంబం వెంట ఆస్పత్రికి తిరిగిన రోజుల్లో డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకొన్నది ఇక్కడ వ్రాస్తున్నాము. మందు చెప్పవలసినది వైద్యులే. ఎవరిని, ఎప్పుడు, ఏమి అడగాలో తెలిసివుండటం మాత్రం మన పని.

మూడు చిన్న ఎముకలు

చెవి రంధ్రం చివర పలుచని పొర ఒకటి వున్నది. అదే కర్ణభేరి. శబ్దం తగిలితే అది అదురుతుంది. దాని వెనుక మూడు చిన్న ఎముకలు గొలుసుగా వుంటవి. మొదటిది సుత్తి ఆకారం, రెండవది కమ్మరి దాగలి ఆకారం, మూడవది గుర్రపు జీనుకు వేలాడే రికాబు ఆకారం. ఈ రికాబు ఎముక పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు, అంటే బియ్యపు గింజలో సగం. మన శరీరంలోని ఎముకలన్నిటిలో ఇదే చిన్నది.

ఈ రికాబు అడుగుభాగం ఒక చిన్న కిటికీలో అమరివుంటుంది. కిటికీకి ఆవల లోపలి చెవి. అది అచ్చంగా శంఖంలాగా రెండున్నర చుట్లు చుట్టుకొని వుంటుంది. మన పాఠ్యపుస్తకాల్లో దానిని కర్ణావర్తం అన్నారు. లోపల నీరు, ఆ నీటి నడుమ సుమారు 15 వేల సన్నని రోమకణాలు. రికాబు లోపలికీ బయటికీ కదిలితే నీరు కదులుతుంది, రోమకణాలు కదులుతవి, ఆ కదలికే విద్యుత్తుగా మారి నరం వెంట మెదడుకు పోతుంది. శంఖం మొదటి చుట్టులో సన్నని కీచు శబ్దాలు, చివరి చుట్టులో బొంగురు శబ్దాలు పలుకుతవి. వీణకు మెట్లు ఎట్లా వున్నవో, ఈ శంఖంలో స్థానాలు అట్లా వున్నవి.

ఓటోస్క్లెరోసిస్ వచ్చినవారికి లోపలి చెవి చుట్టూ వుండే గట్టి ఎముక కొన్నిచోట్ల కరగిపోయి, మెత్తబడి, తిరిగి కొత్తగా పెరుగుతుంది. ఆ పెరుగుదల కిటికీ అంచున చేరితే రికాబు కదలకుండా బిగుసుకొంటుంది. వానాకాలంలో తలుపుచెక్క ఉబ్బి ద్వారబంధంలో ఇరుక్కొన్నట్లే. తలుపు వున్నది, గడియ వున్నది, లోపల మనుషులూ వున్నారు, కాని తలుపు రాదు.

దొంగ చెవుడనే నింద

ఈ జబ్బు సాధారణంగా ఇరవై ఏళ్ళకూ నలభై అయిదేళ్ళకూ మధ్య బయటపడుతుంది. మగవారికంటె ఆడవారిలో సుమారు రెండింతలు కనబడుతుంది. కుటుంబాల్లో వస్తుంది. తల్లికో తండ్రికో వుంటే బిడ్డకు రావచ్చు, రాకపోనూవచ్చు. చాలామందికి ఒక చెవితో మొదలై రెండవ చెవికి కూడా వస్తుంది.

నొప్పి వుండదు. చీము రాదు. దీపం వేసి చూస్తే కర్ణభేరి శుభ్రంగా కనబడుతుంది. కొందరికి చెవిలో హోరు వుంటుంది. అందుచేత "చెవిలో ఏమీ లేదమ్మా" అనిపించుకొని తిరిగి వచ్చినవారు చాలామంది. నిజానికి పరీక్ష కష్టమైనది కాదు. డాక్టరు శ్రుతిదండం మ్రోగించి చెవి ముందు పెడతాడు, తరువాత చెవి వెనుక ఎముకపై ఆనిస్తాడు. ముందు పెట్టినప్పటికంటె ఎముకపై ఆనించినప్పుడు బాగా వినబడితే, తగాదా నరంలో కాదు, దారిలో వున్నదని అర్థం. ఆ తరువాత ఆడియోగ్రాం తీస్తారు.

ఈ చెవుడుకు రెండు వింత లక్షణాలు వున్నవి. అవి తెలియకనే ఇళ్ళలో కష్టం పుడుతుంది. మొదటిది: చెవుడు వచ్చినవారు గట్టిగా మాట్లాడతారని గదా మన ఎరుక. వీరు మెల్లగా మాట్లాడతారు. తమ గొంతు తమకు తలఎముక ద్వారా బాగానే వినిపిస్తుంది గనుక గొంతు పెంచరు. రెండవది: నిశ్శబ్దంగా వున్న ఇంట్లో వినబడని మాట, హోరుగా వున్న చోట వినబడుతుంది. బస్సులో, పిండిమరలో, సంతలో ఎదుటివారు సహజంగానే గొంతు పెంచుతారు. తక్కినవారికి అడ్డువచ్చే ఆ చుట్టుపట్ల హోరు వీరి చెవికి సగమే సోకుతుంది. అందువల్ల వీరు అక్కడ చక్కగా జవాబు చెబుతారు.

ఇంగ్లండు వైద్యుడు థామస్ విల్లిస్ 1672లోనే ఈ వింతను వ్రాసిపెట్టాడు. ఒక స్త్రీకి పక్కన డప్పు మ్రోగుతుంటేనే భర్త మాట వినబడేదట. అందుకోసం ఆ భర్త డప్పు వాయించే నౌకరును పెట్టుకొన్నాడట. ఆయనకు భార్యమీద నమ్మకం వున్నది గనుక డప్పు పెట్టించాడు. మన ఇళ్ళలో అనే మాట వేరు. "బస్సులో అన్నీ వినిపిస్తవి, ఇంట్లో పని చెబితే మాత్రం వినిపించదు. దొంగ చెవుడు!" అంటారు. ఈ ఒక్క మాట ఎందరు కోడళ్ళను కుళ్ళబొడిచిందో లెక్క లేదు.

మరొక నింద కాన్పుమీద పడుతుంది. జబ్బు బయటపడే వయసూ, బిడ్డలు కనే వయసూ ఒకటే. "బాలింతగా చెవుల్లో దూది పెట్టుకోలేదు, చలిగాలి తగిలింది" అని పెద్దలు తేల్చివేస్తారు. చలిగాలికీ దీనికీ సంబంధం లేదు. కాన్పుతో ఈ జబ్బు ముదురుతుందా అనే విషయంలో వైద్యుల్లోనే ఏకాభిప్రాయం లేదు. కాని జబ్బు పుట్టేది కాన్పువల్ల కాదు.

తలుపు తెరిచినవారు

ఈ జబ్బుకు మొదటి సాయం చెవి మిషను. నరం బాగున్నంతకాలం మిషను చక్కగా పనిచేస్తుంది. ఆపరేషను ఇష్టంలేనివారికి అదే చాలు.

రెండవ సాయం ఆపరేషను. రికాబును తీసివేయాలనే ఆలోచన పందొమ్మిదవ శతాబ్దంలోనే కొందరికి వచ్చింది. ప్రమాదమని నాటి పెద్ద వైద్యులు దానిని ఆపించారు. 1952లో న్యూయార్కులో శామ్యూల్ రోసెన్ అనే డాక్టరు, మత్తు ఇవ్వకుండా చెవిమాత్రం మొద్దుబరచి రికాబును పరీక్షిస్తుండగా, బిగుసుకొన్న ఎముక చటుక్కున కదిలింది. బల్లమీద వున్న రోగికి అక్కడికక్కడే మాటలు వినిపించాయి. అయితే అట్లా కదిలించిన ఎముక చాలామందిలో మళ్ళీ బిగుసుకొనేది. 1956 మే 1వ తేదీన అమెరికాలోని మెంఫిస్‌లో జాన్ షే అనే యువ డాక్టరు రికాబును పూర్తిగా తీసివేసి, టెఫ్లాన్‌తో చేసిన బుల్లి రికాబును అమర్చాడు. నేడు చాలామంది వైద్యులు ఎముక అడుగున చిన్న రంధ్రం మాత్రమే చేసి, అందులో సన్నని పిస్టను నిలబెడుతున్నారు. చేయి తిరిగిన వైద్యుని దగ్గర పదిమందిలో సుమారు తొమ్మిదిమందికి వినికిడి బాగుపడుతుంది. నూటికి ఒకరికి ఆ చెవి పూర్తిగా పోయే అపాయం కూడా వున్నది. అందుకే రెండు చెవులకూ ఒకేసారి చేయరు.

శంఖంలోకే జబ్బు చేరితే

ఇంతవరకు చెప్పినది తలుపు సంగతి. కొందరిలో జబ్బు తలుపు దగ్గర ఆగదు. ఏళ్ళ తరబడి పాకి, శంఖం చుట్టూ వున్న ఎముకను కూడా పట్టుకొంటుంది. రోమకణాలు క్షీణిస్తవి. అప్పుడు మిషను పెట్టినా శబ్దం వినబడుతుంది గాని మాట తెలియదు. "ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు" అని వారు చెప్పే మాట ఇదే. తలుపు తెరిచినా లోపల పలికేవారు లేరన్నమాట.

ఇటువంటివారి కొరకే కాక్లియర్ ఇంప్లాంటు. ఇది శబ్దాన్ని పెంచే మిషను కాదు. పాడైన రోమకణాలను దాటివేసి, నరాన్నే నేరుగా తట్టే యంత్రం. చెవి వెనుక పెట్టుకొనే భాగంలో మైకూ, ప్రాసెసరూ వుంటవి. అది శబ్దాన్ని విడమరచి, అయస్కాంతంతో తలకు అంటుకొనే బిళ్ళ ద్వారా చర్మం లోపలికి పంపుతుంది. చర్మం కింద అమర్చిన భాగం దానిని అందుకొని, శంఖంలోకి దూర్చిన సన్నని తీగకు ఇస్తుంది. ఆ తీగపై, తయారీనిబట్టి, 12 నుంచి 22 వరకు ఎలక్ట్రోడులు వుంటవి. కీచు శబ్దమైతే మొదటి చుట్టులోని ఎలక్ట్రోడు, బొంగురు శబ్దమైతే లోపలి ఎలక్ట్రోడు నరాన్ని తడుతుంది. 15 వేల రోమకణాల పని ఇరవై చుక్కలతో చేయించటం గనుక, అది తొలినాటి చెవి కాదు, కాలేదు. కాని మాటను పట్టుకోవటానికి ఆ కొన్ని చుక్కలే చాలునని రుజువైంది.

చెవినరాన్ని విద్యుత్తుతో తట్టి శబ్దం వినిపించిన తొలి ప్రయత్నాల్లో 1957లో పారిస్‌లో ఆంద్రే జూర్నో, షార్ల్ ఐరియెస్ చేసినది ముఖ్యమైనది. 1961లో లాస్ ఏంజెల్స్‌లో విలియం హౌస్ ఆ దారి పట్టాడు. 1977 డిసెంబరులో వియన్నాలో ఇంగెబోర్గ్, ఎర్విన్ హోక్‌మయర్ దంపతులు తయారుచేసిన యంత్రాన్ని ఒక రోగికి అమర్చారు. 1978 ఆగస్టు 1వ తేదీన ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో గ్రేమ్ క్లార్క్ తన యంత్రాన్ని అమర్చాడు.

ఈ క్లార్క్ కథ చెప్పుకోదగినది. ఆయన తండ్రి ఊళ్ళో మందులషాపు నడిపేవాడు. చెవుడు. కొనవచ్చినవారు తమ జబ్బు సంగతి షాపులో అందరికీ వినపడేటట్లు అరవవలసి వచ్చేది. ఆ ఇబ్బంది కొడుకు మనసులో నాటుకొన్నది. తరువాత, తీగను శంఖం చుట్లలోకి విరగకుండా దూర్చటం ఎట్లాగో తెలియక ఆయన చాలాకాలం సతమతమయ్యాడు. 1977లో కుటుంబంతో సముద్రతీరానికి వెళ్ళినప్పుడు ఇసుకలో ఒక గవ్వశంఖం దొరికింది. పక్కనున్న గడ్డిపరకలు కోసి అందులోకి దూర్చి చూశాడు. మొదట గట్టిగా, చివర మెత్తగా వున్న పరక సుళ్ళు తిరుగుతూ సాఫీగా లోపలికి పోయింది. తీగకూ అదే లక్షణం కావాలని ఆయనకు తెలిసింది. 2013లో ఆయనకూ, ఇంగెబోర్గ్ హోక్‌మయర్‌కూ, శబ్దాన్ని విడమరచే పద్ధతి మెరుగుపరచిన బ్లేక్ విల్సన్‌కూ కలిపి లాస్కర్ బహుమానం ఇచ్చారు.

ఈ జబ్బులో ఇంప్లాంటుకు వచ్చే చిక్కులు

ఓటోస్క్లెరోసిస్ వున్నవారికి ఇంప్లాంటు పెట్టేటప్పుడు కొన్ని ప్రత్యేకమైన చిక్కులు వున్నవి. ముందే తెలిసివుంటే భయం తగ్గుతుంది.

ఒకటి: కొత్త ఎముక పెరిగి శంఖం ముఖద్వారం మూసుకొనివుండవచ్చు. డాక్టరు దానిని జాగ్రత్తగా తొలిచి దారి చేయవలసివస్తుంది. రెండు: ఎముక స్పంజిలాగా మెత్తబడినచోట గుంటలు పడివుంటవి. తీగ సరైన దారి తప్పి వాటిలోకి పోవచ్చు. అందుకే ముందుగా సి.టి. స్కాను తీసి చూస్తారు. ముదిరిన జబ్బులో శంఖం చుట్టూ మరొక వలయం వున్నట్లు స్కానులో కనబడుతుంది. మూడు: మెత్తబడిన ఎముక విద్యుత్తును ఆపలేదు. ముఖాన్ని కదిలించే నరం శంఖానికి చాలా దగ్గరగా పోతుంది. కరెంటు కారి ఆ నరానికి తగిలితే కన్నో, పెదవో అదురుతుంది. దీనికి భయపడనక్కరలేదు. ఆ ఎలక్ట్రోడు బలం తగ్గించటమో, దానిని ఆపివేయటమో చేస్తారు.

ఇక వీరికి వున్న మేలు చెప్పాలి. పుట్టుచెవుడు కాదు. వినటం, మాట్లాడటం తెలిసి, పెద్దయిన తరువాత పోగొట్టుకొన్నవారు. మెదడులో భాష చెక్కుచెదరక వున్నది. అందుచేత తక్కిన పెద్దలకు ఇంప్లాంటు ఎంత ఫలితమిస్తుందో సాధారణంగా వీరికీ అంతే ఇస్తుంది. కాని చెవి మూగపోయిన తరువాత ఎన్ని ఏళ్ళు వృథాగా గడిచితే ఫలితం అంత తగ్గుతుంది. "చూద్దాం లే" అనే మాట ఇక్కడ చాలా ఖరీదైన మాట.

అందరికీ వెంటనే ఇంప్లాంటే అవసరమనీ కాదు. ముదిరిన జబ్బులో కూడా కొందరికి రికాబు ఆపరేషను చేసి, బలమైన మిషను పెడితే మాటలు తెలుస్తవి. ఖర్చు తక్కువ. అది చాలకపోతే ఇంప్లాంటు దారి ఎట్లాగూ వున్నది. ఈ రెండింటిలో ఏది ముందు అని డాక్టరును తప్పక అడగాలి.

ఒక కుటుంబం

మా ఆఫీసు మిత్రుని కుటుంబం నాలుగు తరాలుగా కర్ణాటకలో వున్నది. ఆయన తల్లిగారికి 1991లో రెండవ కాన్పు తరువాత చెవుడు మొదలైంది. ఆ రెండవ బిడ్డ మా మిత్రుడే. "నువ్వు పుట్టినప్పటినుంచే మీ అమ్మకు చెవుడు" అనే మాట వింటూ ఆయన పెరిగాడు. 1999లో ఒక చెవికి ఆపరేషను చేయించగా పన్నెండేళ్ళు సుఖంగా గడిచింది. తరువాత రెండు చెవులూ క్రమంగా దిగిపోయినవి. మిషను మార్చారు, మళ్ళీ మార్చారు. 2018 నాటికి ఆమె వంటింట్లోనుంచి బయటికి రావటమే తగ్గించుకొన్నది.

ఆస్పత్రిలో మాటల పరీక్ష పెట్టారు. ముఖం కనబడకుండా మాటలు వినిపించి, తిరిగి చెప్పమంటారు. మిషను పెట్టుకొని కూడా సగం మాటలు అందుకోలేనివారికి ఇంప్లాంటు సంగతి ఆలోచిస్తారు. ఆమెకు కన్నడంలో పరీక్ష జరిగింది. ఆమె కన్నడం మాట్లాడుతుంది, కాని అది సంత కన్నడం. మా మిత్రుడు లేచి, "మా అమ్మకు తెలుగులో కూడా పెట్టండి" అన్నాడు. ఆడియాలజిస్టు అంగీకరించి తెలుగు పట్టికతో మళ్ళీ చూశారు. తెలుగులో నాలుగు మాటలు ఎక్కువ వచ్చినవి. అయినా సగానికి చాలా తక్కువే. అప్పుడు నిశ్చింతగా నిర్ణయం జరిగింది.

ఇది చిన్న విషయంగా తోచవచ్చు. మనవంటి ప్రవాసాంధ్రులకు చిన్న విషయం కాదు. సరిగా రాని భాషలో పరీక్ష పెడితే చెవి తప్పూ, భాష తప్పూ కలిసిపోతవి. ఉన్నదానికంటె చెవుడు ఎక్కువగా కనబడుతుంది. కన్నడ, తమిళ, ఒరియా, మరాఠీ దేశాల్లో వున్న మనవారు ఇంటిభాష ఏదో ముందే చెప్పి, ఆ భాషలో పరీక్ష అడగాలి. అది సిగ్గుపడవలసిన విషయం కాదు.

ఆపరేషను జరిగిన మూడు వారాలకు యంత్రాన్ని మొదటిసారి నడిపారు. అందరూ ఆమె నవ్వుతుందని ఎదురుచూశారు. ఆమె రెండు చేతులతో తల పట్టుకొన్నది. "డబ్బాలో గులకరాళ్ళు పోసి ఆడించినట్లున్నది" అన్నది. కొంచెం బలం పెంచగానే కుడికన్ను అదిరింది. ఆడియాలజిస్టు మూడు ఎలక్ట్రోడులను ఆపివేయగా అదురు ఆగింది. మొదటివారం మనుషుల గొంతులన్నీ ఒకటే రకంగా వున్నవన్నది.

అసలు చికిత్స ఇంట్లో జరిగింది. మనుమరాలు బడినుంచి రాగానే అవ్వ వెనుక కూర్చుని మాటలు చెప్పేది. మొదట పొడుగూ పొట్టీ తేడా తెలిసే మాటలు: ఉప్పు, మిరపకాయలు, కరివేపాకు. తరువాత దగ్గరి మాటలు: కాలు, పాలు, వేలు. వారింట్లో సంగటి అంటారు, అనపగింజల పులుసు అంటారు. పుస్తకంలోని తెలుగు కాదు, ఆ ఇంటి తెలుగే ఆమె మెదడులో వున్నది. అందుకే ఇంటి మాటలతోనే సాధన చేశారు. మూడవ నెలలో కుక్కరు ఈల తెలిసింది. ఆరవ నెలలో హోసూరులో వున్న కూతురుతో ఫోనులో మాట్లాడింది. పాట మాత్రం నేటికీ ఆమెకు గందరగోళంగానే వున్నది. ఇంప్లాంటు పెట్టుకొన్నవారిలో చాలామందికి సంగీతం కష్టమే.

ఒకనాడు ఆమె మాతో అన్నది: "చెవిటిదని అన్నారు, సరే, నిజమే గదా. దొంగదని అన్నప్పుడే నేను ఏడ్చినాను." ఇది బంధువుల్లోని వీడు ఏమని జవాబు చెప్పగలడు? కాన్పుకూ జబ్బుకూ సంబంధం లేదని డాక్టరు చెప్పిననాడు మా మిత్రుడు ఆస్పత్రి మెట్లమీద చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు. ఇరవై ఏడేళ్ళ బరువు అది.

కాగితాల సంగతి

గుమాస్తా బుద్ధితో మరికొన్ని సంగతులు మనవి చేస్తున్నాము.

పాత ఆడియోగ్రాములు పారవేయకండి. ఏళ్ళ వరుసలో ఒక ఫైలుగా కట్టండి. మునుపు రికాబు ఆపరేషను జరిగివుంటే దాని కాగితం, స్కాను ఫిల్ములు అందులో వుండాలి.

ఖర్చు లక్షల్లో వుంటుంది. లోపలి భాగం ధర ఒకటే అడగకండి. బయటి ప్రాసెసరు కొన్నేళ్ళకు మార్చవలసి వస్తుంది. దాని ధర, గ్యారంటీ ఎన్నేళ్ళు, తీగలు, బ్యాటరీలు ఎంత, మీ ఊరికి దగ్గరలో మరమ్మతు ఎక్కడ అనేవి వ్రాయించి తీసుకోండి. ఉద్యోగులు తమ శాఖ నియమాలు చూచి, ఆపరేషనుకు ముందే అనుమతి పొందాలి. ఇన్స్యూరెన్సు వున్నవారు పాలసీలో ఈ యంత్రం చేరివున్నదో లేదో ముందే వ్రాతమూలకంగా తెలుసుకోవాలి. ఇంప్లాంటులకు ప్రభుత్వాలు ఇచ్చే సాయం ముఖ్యంగా చిన్నపిల్లల కొరకు. పెద్దలు ఆ ఆశమీద ఏళ్ళు గడపకూడదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవులకూ 60 డెసిబెల్స్ నష్టం వుంటే వినికిడి లోపంగా గుర్తిస్తారు. వైద్యబోర్డు సర్టిఫికెట్టు తీసుకొని వుంచుకోవటం మంచిది.

ఆపరేషనుకు ముందు మెదడుపొరల జ్వరం రాకుండా టీకా వేస్తారు, మానకూడదు. లోపల అయస్కాంతం వున్నది గనుక ఎం.ఆర్.ఐ. స్కాను తీయించవలసివస్తే ఇంప్లాంటు కార్డు ముందుగా చూపాలి. యానాం, చెన్నపట్నంవంటి సముద్రపు గాలి వున్న ఊళ్ళలో రాత్రిపూట ప్రాసెసరును తేమ పీల్చే డబ్బాలో వుంచాలి. ఆపరేషనుతో ఆ చెవిలో మిగిలివున్న కొద్ది వినికిడీ పోవచ్చునని కూడా తెలిసి అంగీకరించాలి.

పరీక్షలకూ సలహాకూ మనవారికి దగ్గరలోనే మంచి సంస్థలు వున్నవి. మైసూరులో 1960లలో నెలకొల్పిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ వున్నది. బొంబాయిలో 1983లో ఏర్పడిన జాతీయ సంస్థకు, మన హైదరాబాదువాడై, ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరుగా, తరువాత మహారాష్ట్ర గవర్నరుగా పనిచేసిన ఆలీ యావర్ జంగ్ పేరు పెట్టారు. దానికి సికింద్రాబాదులో శాఖ వున్నది. పెద్ద వైద్యకళాశాలల చెవి విభాగాలు అన్ని రాష్ట్రాల్లోనూ వున్నవి.

ఇంట్లోవారి వంతు

యంత్రం సగం పనే చేస్తుంది. తక్కిన సగం ఇంట్లోవారిది. వెనుకనుంచి పిలవకండి. ఎదురుగా వచ్చి, మీ ముఖంమీద వెలుతురు పడేటట్లు నిలబడి మాట్లాడండి. అరవకండి, అరిస్తే మాట ఆకారం చెడుతుంది. మామూలు గొంతుతో, కొంచెం నిదానంగా చెప్పండి. మిక్సీ, టీవీ ఆపండి. ఒకరి తరువాత ఒకరు మాట్లాడండి. మన తెలుగులో పల్లి, బల్లి, మల్లి అనే మూడు మాటలూ పెదవులమీద ఒకటిగానే కనబడతవి. అటువంటిచోట అదే మాట పదిసార్లు చెప్పకుండా, "వేయించిన పల్లీలు" అని మరొక మాట కలిపి చెప్పండి. అన్నిటికంటె ముఖ్యం, "ఏమీ లేదులే" అనకండి. ఏమి చెప్పారని వారు అడిగినప్పుడు ఆ మాట అంటే, నీతో చెప్పవలసిన అవసరం లేదన్నట్లే వారికి తోస్తుంది.

ఈ వ్యాసం చదువుతుండగా మీకు ఎవరో ఒకరు జ్ఞాపకం వచ్చివుంటారు. మెల్లగా మాట్లాడే వదినగారు కావచ్చు, బస్సులో మాత్రమే వినబడే చిన్నమ్మ కావచ్చు, పెళ్ళిళ్ళకు రావటం మానుకొన్న బాబాయి కావచ్చు. వారిని నవ్వులపాలు చేసినవారు చాలామంది వుంటారు. వెంటబెట్టుకొని ఆడియోగ్రాం గదిదాకా తీసుకొనివెళ్ళేవారు ఒక్కరు వుంటే చాలు. ఒక పూట సెలవు పెట్టండి. పాత కాగితాలు సంచిలో వేసుకోండి. ఇంటిభాష తెలుగని ముందే చెప్పండి.